చిత్రకథారచయిత్రి థియా ఫాన్ హార్బూ



ఇట్టి సంచికలలో దాతల యొక్కయు, విద్వాంసుల యొక్కయు, రాజకార్యధురంధరుల యొక్కయు జీవితములు ప్రకటించుట ఆచారము. ఆ యాచారమును కొంచెము దాటి ఒక సినీమా కథారచయిత్రి చరిత్రమును మీ ముందుంచుచున్నాను. సినీమా యనగానే నటీనటుల పేర్లు జ్ఞాపకమువచ్చును. కొందఱికి దర్శకుని పేరును తెలిసియుండును. కథ వ్రాసినవారెవరని యడుగువారు నూటికొక్కరుండరు. అందులోను దొంగలు, హంతకులు, పోలీసువారు పాత్రలుగానుండు చిత్రములనిన పెద్దలకు చిన్నచూపు. అపరాధపరిశోధక నవలలను తలగడక్రింద దాచుకొని చదివిన దినములను మనలో ననేకులెఱుగుదురు. అట్టి కథలకు వెండితెరమీద గౌరవము సంపాదించిపెట్టిన మొదటివారిలో థియా ఫాన్ హార్బూ యొకతె. ఆమె జర్మను వనిత. ఆమె ప్రతిభ గొప్పది. ఆమె చేసిన తప్పును చిన్నది కాదు. రెండును చెప్పెదను. ఆమె జీవితముతో మన దేశమునకు గల సంబంధమును గూడ చెప్పవలసియున్నది.

జర్మనీలోని బవేరియా రాష్ట్రమున హోఫ్ పట్టణమునకు సమీపమున తౌపర్లిట్స్ అను గ్రామము కలదు. 1888 వ సంవత్సరము డిసెంబరు 27 వ తేదీన థియా అచ్చట జన్మించెను. పేరు నడుమనున్న ఫాన్ అను మాట ఆ దేశమున కులీనులకు గుర్తు. ఆమె పూర్వులు చిన్నతరగతి కులీనులు, సర్కారు కొలువులలో నుండినవారు. కావున బాల్యమున నామెకు లోటులేకుండెను. ఇంటివద్ద ఉపాధ్యాయులు భాషలను నేర్పిరి. ఫిడేలు, పియానో వాయించుటయు నభ్యసించెను. పదుమూడేండ్ల ప్రాయముననే ఆమె కవితలు చిన్నపుస్తకముగా అచ్చుపడినవి.

అట్టి యింటి పిల్ల నాటకశాలకు పోవుట ఆ కాలమున ఆ దేశమందును తలవంపుగానే యెంచబడుచుండెను. తండ్రి వలదనెను. అయినను తన కూడు తాను సంపాదించుకొనవలెనను పట్టుదలతో థియా 1906 లో డ్యూసెల్డార్ఫు నగరమున రంగస్థలమెక్కెను. పిమ్మట కొన్ని సంవత్సరములు ఊరూరను నాటకసమాజములలో వేషములు వేయుచు, తీరికవేళల కథలు, నవలలు వ్రాయుచువచ్చెను. ఆహెన్ నగరములోని నాటకశాలయందు రుడోల్ఫ్ క్లైన్-రోగ్గె అను నటునితో పరిచయము కలిగి 1914 లో ఆయనను వివాహమాడెను. ఈ క్లైన్-రోగ్గెను పాఠకులు మఱువరాదు, మఱల వచ్చును. మొదటి ప్రపంచయుద్ధము ముగియు కాలమునకు దంపతులిరువురును బెర్లినులో నుండిరి. అప్పటికే థియా నటనమును విడిచి రచననే జీవనాధారముగా చేసికొనెను.

1918 లో ఆమె ప్రకటించిన నవల పేరు హిందూదేశపు సమాధి యని అర్థమిచ్చును. ఒక మహారాజు, ద్రోహముచేసిన రాణి, ఆమెకొఱకు సమాధి కట్టుటకు ఐరోపానుండి రప్పింపబడిన శిల్పి, యోగులు, పులులు - ఇవి యందలి సామగ్రి. అప్పటికామె హిందూదేశమును చూచియుండలేదు. మనవారు చదివినచో నవ్వు వచ్చును, కొన్నిచోట్ల కోపమును వచ్చును. కాని యుద్ధమున ఓడి, ఆకలితో నున్న జర్మను ప్రజలకు ఆ కలలదేశము కావలసియుండెను. జో మే యను నిర్మాత దానిని చిత్రముగా తీయదలచి, చిత్రకథ వ్రాయు పనిని థియాకును, ఫ్రిట్స్ లాంగ్ అను యువకునకును కలిపి యొప్పగించెను. లాంగ్ వియన్నా నగరవాసి, యుద్ధమున గాయపడినవాడు. తానే దర్శకత్వము వహింతునని యాతడాశపడెను గాని, చిత్రకథ పూర్తియైన పిమ్మట జో మే ఆ పనిని తానే తీసికొనెను. 1921 లో ఆ చిత్రము రెండు భాగములుగా వెలువడెను. లాంగునకు మిగిలినది రచయిత్రితో స్నేహము. అది క్రమముగా ప్రేమయయ్యెను. థియా భర్తను విడిచెను. 1922 లో లాంగును వివాహమాడెను.

మూకీచిత్రమునకు కథ వ్రాయుట యనిన సంభాషణలు వ్రాయుట కాదు. మాటలు లేవుగదా! ప్రతి దృశ్యమున ఎవరెచ్చట నిలువవలెను, దేనిని చూడవలెను, వెలుగెటనుండి పడవలెను, ఏ సైగతో మనస్సు తెలియవలెను - ఇవన్నియు ముందే కాగితముమీద నుండవలెను. నడుమ నడుమ తెరపై వేయు అక్షరముల పలకలు ఎంత తక్కువయైన నంత మేలు. నాటకశాలలో కొన్ని సంవత్సరములు గడపిన థియాకు ఇది చేతివిద్య యయ్యెను.

1921 లో నోర్బెర్ట్ జాక్ అను రచయిత వ్రాసిన డాక్టర్ మాబూజె యను నవల బెర్లినులోని యొక సచిత్రవారపత్రికలో ధారావాహికగా ప్రకటింపబడి జనులను వెఱ్ఱిక్కించుచుండెను. థియా దానిని చిత్రకథగా మలచెను. 1922 ఏప్రిలు, మే నెలలలో రెండు భాగములుగా ఆ చిత్రము విడుదలయయ్యెను. రెండును కలిసి నాలుగు గంటలకు పైబడినది. మాబూజె మనస్తత్త్వవైద్యుడు, చూపుతోనే యెదుటివాని బుద్ధిని లొంగదీయగలవాడు. జూదగృహమున ఎదుటివానిచేత గెలుపు ముక్కలను పాఱవేయించును. చిత్రారంభముననే కదలుచున్న రైలులో ఒక వర్తకపు ఒడంబడికను దొంగిలించి, ఆ వార్తచేత ధరలు పడగానే షేరులు కొని, అది దొరకెనను వార్త రాగానే అమ్మి, గంటలో కోటీశ్వరుడగును. అతని నేలమాళిగలో గ్రుడ్డివారు దొంగనోట్లు లెక్కపెట్టుచుందురు. నాడు జర్మనీలో అసలు నోట్లకే విలువ కరగిపోవుచుండెను. 1923 నవంబరు నాటికి ఒక డాలరునకు నాలుగులక్షల కోట్ల మార్కులకు పైగా నీయవలసివచ్చెను. అట్టి సమయమున ప్రేక్షకులు మాబూజెను చూచి, తమ కూడబెట్టిన ధనమును ఎవడో కానరాని మాయావి హరించుచున్నాడనుకొనుటలో వింతలేదు. నేరముచేయువాడు చీకటిసందున కత్తిపట్టి నిలుచు దొంగకాడనియు, పెద్దకొలువులలో, మంచి దుస్తులలో, డాక్టరు పట్టముతో నుండవచ్చుననియు ఈ చిత్రము ప్రపంచమునకు చూపెను. తరువాతి చిత్రములలోని మహాదుష్టులు పెక్కురు ఈ మాబూజె సంతతియే.

ఆ మాబూజె పాత్రను ధరించినది ఎవరో తెలియునా? క్లైన్-రోగ్గెయే. మొదటి భర్త దుష్టపాత్ర ధరింప, రెండవ భర్త దర్శకత్వము వహింప, ఆ యిరువురకును ఆమెయే కథ వ్రాసెను. ఇది యొక్క చిత్రముతో ముగియలేదు. పది సంవత్సరములకు పైగా సాగినది. ఆ మువ్వుర మనస్సులలో ఏమి జరిగెనో మన మెఱుగము. పనిలోమాత్రము కలతకానరాదు.

ఆ దశాబ్దములో ఆమె వ్రాసినవానిని అన్నిటిని ఇచ్చట వివరింప వీలులేదు. జర్మనుల ప్రాచీన వీరగాథను 1924 లో నిబెలుంగులను పేర రెండు భాగముల చిత్రముగా వ్రాసెను. 1927 లో మెట్రోపోలిస్ వెలువడెను. దాని వ్యయము ఉఫా కంపెనీని దివాలా యంచునకు త్రోసెను. అది నేడు ప్రపంచప్రసిద్ధమైన చిత్రము. మా యభిప్రాయమున దాని కథ కంటె దృశ్యములే మేలు. 1929 లోని చంద్రలోకయాత్రా చిత్రమునకు హెర్మన్ ఓబెర్త్ అను రాకెట్టు శాస్త్రజ్ఞుడు సలహాదారుగానుండెను. చిత్రకథతోబాటు అదే కథను నవలగాను వ్రాసి ప్రకటించుట ఆమె పద్ధతి. ఒకే విత్తునకు రెండు పంటలు!

నేరకథలలో రెండవమెట్టు 1928 లో వచ్చిన గూఢచారుల చిత్రము. హాగీ యనువాడు పేరుపడ్డ బ్యాంకు యజమాని. చక్రపుకుర్చీలో కూర్చుండు అవిటివాడు. నిజముగా అతడవిటివాడునుకాడు, ఉత్తమ వర్తకుడునుకాడు. దేశదేశముల రహస్యములను దొంగిలించు ముఠాకు నాయకుడు. చివరకు విదూషకుని వేషములో రంగస్థలముమీద చిక్కుపడి, జనులందఱు చూచుచుండగా తుపాకితో తన ప్రాణము తీసికొనును. అదియు ఆటలో భాగమనుకొని జనులు చప్పట్లు కొట్టుదురు. నాటకశాల నెఱిగిన చేయి మాత్రమే అట్టి ముగింపు వ్రాయగలదు. హాగీ వేషమును క్లైన్-రోగ్గెదే.

ఇక ఆమె రచనలలో శిఖరమని చెప్పదగినది ఎమ్ అను చిత్రము. పేరొక్క అక్షరమే, జర్మను భాషలో హంతకుడను పదమునకు మొదటి యక్షరము. 1931 మే 11 వ తేదీన బెర్లినులో ప్రథమప్రదర్శనము జరిగెను. మన దేశమున మొదటి టాకీ ఆలం ఆరా విడుదలయై అప్పటికి రెండు నెలలైనను పూర్తికాలేదు. లాంగునకును థియాకును ఎమ్ మొదటి టాకీయే. సేమూర్ నెబెన్‌జాల్ నిర్మాత.

నీచములైన నేరములలో ఏది నీచతమమని దంపతులు తర్కించుకొనిరట. సంతకములేని విషపు జాబులు వ్రాయువాని కథ మొదట తోచెననియు, తరువాత పసిబిడ్డలను చంపువాని కథకు మరలిరనియు చెప్పుదురు. ఆ సంవత్సరములలో జర్మనీలో అట్టి ఘోరములు వరుసగా జరిగినవి. డ్యూసెల్డార్ఫులో పీటర్ క్యూర్టెన్ అను హంతకుడు నగరమంతటిని గడగడలాడించి 1930 మేలో పట్టుబడెను. 1931 జూలై 2 న అతనికి శిరచ్ఛేదము జరిగెను. చిత్రకథకై బెర్లిను పోలీసువారి పరిశోధనపద్ధతులను శ్రద్ధతో విచారించిరి. వ్రేలిముద్రలను పెద్దవిగా చూపుట, పటముమీద వృత్తములు గీయుట, సిగరెట్టు పీకలను ఏఱుట - ఇవి యన్నియు కథలో కలవు.

ఒక తల్లి బట్టలుతుకుచు, బడినుండి రావలసిన కూఁతునకై భోజనము సిద్ధముచేసి గడియారమువంక చూచును. మెట్లమీద అడుగుల చప్పుడు వినవచ్చును. అది వేఱొకరి బిడ్డ. తల్లి పిలుచును. ఎవరును లేని మెట్లు, ఖాళీగానున్న పళ్లెము, గడ్డిలో దొర్లి నిలిచిన బంతి, తంతితీగలకు తగులుకొనిన బుడగబొమ్మ - ఇంతియే తెరపై కనబడును. హత్య చూపబడలేదు, రక్తపుచుక్క లేదు. చూచినవారు ఆ పళ్లెమును మఱువలేరు. మూకీలలో మాటలులేక భావము చెప్పుట నేర్చిన చేయి, మాట వచ్చిన పిమ్మటను ఆ పొదుపును విడువలేదు. చిత్రమంతటిలోను నేపథ్యసంగీతము లేదు. హంతకుడు ఈలవేయు పాటయొక్కటియే సంగీతము. ఆ యీలనుబట్టియే బుడగలమ్ము గ్రుడ్డివాడొకడు వానిని గుర్తించును.

హంతకునికొఱకు పోలీసువారు రాత్రింబవళ్లు సోదాలు చేయుచుండుటచేత నగరములోని దొంగల వ్యాపారము చెడిపోవును. బెర్లినులో ఆ కాలమున జైలునుండి వచ్చినవారికి నిజముగానే సంఘములుండెడివి. వానికి నియమములు, చందాలు, సభలు గలవు. ఆ సంగతిని కథలోనికి తెచ్చి, దొంగలపెద్దలు ఒకచోటను, పోలీసు అధికారులు మఱియొకచోటను సభచేసినట్లు వ్రాసిరి. ఒక గదిలో మొదలిడిన వాక్యము మఱియొక గదిలో పూర్తియగును. రెండుచోట్లను అదే పొగ, అదే ఆలోచన. బిచ్చగాండ్రను వీధికొకనిగా కాపుంచుట దొంగల యెత్తు. వారిలో నొకడు సుద్దతో అఱచేత నక్షరము వ్రాసికొని హంతకుని కోటుమీద చఱచి ముద్రవేయును. పట్టుకొనిన పిమ్మట పాడుపడిన సారాయిబట్టీలో దొంగలే న్యాయస్థానము నడపుదురు.

ఆ విచారణయే చిత్రమునకు ప్రాణము. పీటర్ లోరె యను నటుడు హంతకుడు. అంతవరకు మనము వానిని పురుగువలె నసహ్యించుకొందుము. వాడు మోకాళ్లపై పడి, తనలోనున్న పిశాచము తన్ను తఱుముచున్నదనియు, తాను కోరి చేయుటలేదనియు మొఱ్ఱపెట్టుకొనును. దొంగలు తమంతట తాము నేరము చేయుదురే, వారికి తన్ను విచారించు హక్కెక్కడిదని యడుగును. ఆ గుంపు చంపుడని కేకలు వేయును; వాని పక్షమున మాటాడుటకు నియమింపబడినవాడు, తన్నుదానాపుకొనలేనివానిని వైద్యునకప్పగింపవలెనుగాని తలారికి కాదని వాదించును. బిడ్డలను పోగొట్టుకొనిన తల్లుల దుఃఖమును అచ్చట వినబడును. ఏ పక్షమును రచయిత్రి తేలిక చేయలేదు. ఆ సంవత్సరముననే నాజీ నాయకుడు గోబెల్సు ఈ చిత్రమును చూచి, మరణదండనకు అనుకూలమైనదని మెచ్చుకొని దినచర్యలో వ్రాసికొనెను. తమ మాటను ఎవరెట్లు వినుదురో వ్రాయువారి చేతిలో లేదు. నేడు ఈ చిత్రమును గూర్చి మాటాడువారు తఱచు లాంగు పేరొక్కటియే చెప్పుదురు. ఇది న్యాయము కాదని మా మనవి.

1933 లో మాబూజె మఱల వచ్చెను. ఈ సారి వాడు పిచ్చియాసుపత్రిలో మాటాడక, తినక, రాత్రింబవళ్లు కాగితములమీద నేరముల ప్రణాళికలు వ్రాయుచుండును. ఆసుపత్రి పెద్దయే ఆ వ్రాతకు దాసుడై లోకమును భయముతో నేలవలెనని బయలుదేఱును. ఎమ్ చిత్రములోని పోలీసు అధికారి లోమన్ ఇందును గలడు. 1933 జనవరి కడపట హిట్లరు ప్రధానియయ్యెను. మార్చి 29 న చిత్రము నిషేధింపబడెను. ఎమ్ చిత్రమును మెచ్చిన గోబెల్సే అప్పటికి ప్రచారమంత్రి. గోబెల్సు తన్ను పిలిపించి జర్మను చిత్రములకు నాయకత్వమిచ్చెదననెననియు, తానారాత్రియే పారిపోయితిననియు లాంగు తరువాత చెప్పుచుండెడివాడు. ఆతని ప్రయాణపత్రముమీది ముద్రలు అట్లు చెప్పుటలేదని పరిశోధకులు తేల్చిరి. ఆతడు ఆ సంవత్సరమే పారిసునకును, 1934 లో అమెరికాకును వెడలిపోయెను. అప్పటికే 1933 ఏప్రిలులో దంపతులు విడాకులు పొందియుండిరి. థియా జర్మనీలోనే నిలిచెను.

విడాకులకు రాజకీయమొక్కటియే కారణము కాదు. లాంగునకు ఇతరస్త్రీలతో సంబంధము లుండెను. థియాయును బెర్లినులో చదువుచున్న హిందూదేశీయుని ప్రేమించెను. ఆయన ఆయీ గణపత్ తెండూల్కర్. బెల్గాం ప్రాంతపు మహారాష్ట్రుడు, పత్రికారచయిత, ఆమెకంటె పదునేడేండ్లు చిన్నవాడు. జాతిభేదమును శాసనముగా చేయుచున్న రాజ్యములో కులీనవంశజయగు ప్రఖ్యాత రచయిత్రి ఒక హిందువును బహిరంగముగా వరించుటకు వీలులేకుండెను. వారు రహస్యముగా వివాహమాడిరి. బెర్లినులోనున్న హిందూవిద్యార్థులకు ఆమె యిల్లు ఆశ్రయమయ్యెను.

కాని ఆ చేతితోనే ఆమె నాజీ పక్షమునందు సభ్యత్వము స్వీకరించెను. ఆ రాజ్యకాలమున 1934 లో రెండు చిత్రములకు స్వయముగా దర్శకత్వము వహించెను. యుద్ధము ముగియువఱకు చిత్రకథలు వ్రాయుచునే యుండెను. 1937 లో ఎమిల్ యానింగ్సు నటించిన పాలకుడను చిత్రము వానిలో నొకటి. నాయకునకు లోబడుటయే ధర్మమను బోధ అందు కనబడును. భర్తవంటి హిందూదేశీయులకు సహాయపడు నిమిత్తమే పక్షమున చేరితినని ఆమె తరువాత సమాధానము చెప్పెను. ఆ సహాయము నిజమే. ఆ సమాధానము మాత్రము చాలదు. లాంగు తల్లి యూదుకుటుంబమున పుట్టినది. యూదులైన సహచరులు పెక్కురు, పీటర్ లోరెయు, నిర్మాత నెబెన్‌జాలును, దేశము విడిచి పారిపోవలసివచ్చెను. ఎమ్ వ్రాసిన చేతికి, గుంపు చంపుడని యఱచునపుడు ఏమి జరుగునో తెలియదని చెప్పుటకు వీలులేదు.

తెండూల్కర్ యుద్ధమునకు ముందే స్వదేశము చేరెను. బెల్గాములో పత్రిక నడపెను. ఆంగ్లప్రభుత్వము ఆయనను చెఱలో నుంచెను. యుద్ధము వారిరువురను వేఱుచేసెను. థియా సమ్మతితోనే ఆయన 1945 లో ఇందుమతీ గుణాజీ యను దేశసేవికను, గాంధీమహాత్ముని ఆశీర్వచనముతో, వివాహమాడెను.

అదే సంవత్సరము జూలైనుండి అక్టోబరువఱకు థియాను ఆంగ్లసైనికులు స్టౌమూలె నిర్బంధశిబిరమున నుంచిరి. అచ్చటను ఆమె ఖైదీలచేత ఫౌస్టు నాటకమాడించెను. విడుదలయైన పిమ్మట, ఏబదియాఱేండ్ల వయస్సున, బాంబులచే కూలిన బెర్లినులో ఇటుకలేఱు కూలివనితలతో కలిసి పనిచేసెను. తరువాత పరదేశచిత్రములకు జర్మను మాటలు వ్రాయుపని దొరకెను. 1951 లో డాక్టర్ హోల్ అను చిత్రమునకు కథారచనమున పాలుగొనెను. అదే సంవత్సరము అమెరికాలో ఎమ్ చిత్రమును జోసెఫ్ లోసీ దర్శకత్వమున మఱల తీసిరి, నిర్మాత నెబెన్‌జాలే.

1954 జూన్ 26 న బెర్లిను చలనచిత్రోత్సవమున ఆమెయు లాంగును కలిసి వ్రాసిన 1921 నాటి మూకీచిత్రమును ప్రదర్శించి, ఆమెను గౌరవాతిథిగా పిలిచిరి. ప్రదర్శనము చూచి వెలుపలికి వచ్చుచు నామె జాఱిపడి తుంటికి దెబ్బతగిలించుకొనెను. జూలై 1 వ తేదీన మరణించెను. బెర్లినులోని హీర్‌స్ట్రాసె శ్మశానవాటికలో ఆమెను ఖననము చేసిరి.

నలువది సంవత్సరముల క్రిందటి ఆ హిందూదేశపు సమాధి కథను లాంగు మఱువలేదు. వృద్ధుడై జర్మనీకి తిరిగివచ్చి, 1959 లో దానిని రెండు రంగుల చిత్రములుగా తీసెను. కొంతభాగమును ఉదయపురమున, నిజమైన కోటలముందు, నిజమైన సరస్సులవద్ద చిత్రించెను. మూలకథ థియా ఫాన్ హార్బూ నవల యని ఆ చిత్రములందు పేర్కొనబడినది.